హాస్టల్‌కు వెళ్లే పిల్లలకు పాత చీరల బొంత: కొలత నుంచి అంచు దాకా

మహారాష్ట్రలోని ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు మన తెలుగు ఇళ్లలో పన్నెండో తరగతి అయిన పిల్లలు నాందేడ్‌కో, ఛత్రపతి సంభాజీనగర్‌గా పేరు మారిన ఔరంగాబాద్‌కో, పుణేకో వెళ్లిపోతారు. కొందరు ఇటు నిజామాబాద్, హైదరాబాద్ దారి పడతారు. ఎటు పోయినా పెట్టెలో కప్పుకునేది ఒకటి ఉండాలి. బజారులో దొరికే బొచ్చు బ్లాంకెట్ డిసెంబర్, జనవరి నెలలకు బాగానే ఉంటుంది. మిగతా పది నెలలు మంచం కింద దుమ్ము పట్టి పడి ఉంటుంది. దాన్ని ఉతకాలంటే హాస్టల్ బకెట్‌లో పట్టదు, లాండ్రీకి వేస్తే డబ్బులు.

పాత చీరల బొంత ఏడాది పొడవునా పనికొస్తుంది. ఎండాకాలం పరుపు మీద పరుచుకోవచ్చు, వానాకాలం కప్పుకోవచ్చు, చలికాలంలో శాలువా మీద ఇంకో పొరగా వేసుకోవచ్చు. కాకపోతే ఇంట్లో వాడే బొంత వేరు, హాస్టల్ బొంత వేరు. ఇంట్లో ఉతకడానికి ఇద్దరు ముగ్గురు ఉంటారు, ఆరేయడానికి మేడ ఉంటుంది. అక్కడ మీ పిల్ల ఒక్కతే ఉంటుంది. ఒక బకెట్‌లో నానబెట్టి, ఒక్కతే పిండి, ఒక్కతే తాడు మీద వేసుకోగలగాలి. ఎంత పెద్దది కుట్టాలి, ఎన్ని పొరలు వేయాలి, ఏ బట్ట పెట్టాలి అని ఎక్కడ సందేహం వచ్చినా ఈ షరతు గుర్తు చేసుకోండి. జవాబు దొరుకుతుంది.

దూది వద్దు

పత్తి పండే ఊళ్లలో ఉండి దూది వద్దనడం వింతగానే ఉంటుంది. ఇంట్లో పత్తి ఉంది కదా, రెండు కిలోలు ఏకించి నింపేద్దాం అని పెద్దవాళ్లు అంటారు. దూది నింపిన రజాయి వెచ్చగానే ఉంటుంది, కానీ అది ఉతికే వస్తువు కాదు. నీళ్లు తగిలితే లోపలి దూది ముద్దలు కడుతుంది, మళ్లీ విప్పి ఏకిస్తే తప్ప సరికాదు. హాస్టల్‌లో టీ ఒలుకుతుంది, కిటికీలోంచి జల్లు కొడుతుంది. అందుకే ఈ బొంతలో పొరలన్నీ బట్టలే. చుట్టుపక్కల మరాఠీ ఇళ్లలో కుట్టే గోధడి కూడా ఎక్కువగా ఇలాంటిదే.

చలి ఎక్కువ ఉండే పుణే, నాసిక్ వైపు వెళ్తుంటే అక్కడ చలికాలపు రాత్రులు 10 డిగ్రీల దగ్గరికి దిగుతాయి కాబట్టి పొరలు పెంచుదామనిపిస్తుంది. పెంచకండి. బొంత ఇదే మందంలో ఉంచి, పక్కన ఒక సోలాపూర్ చద్దర్ పెట్టండి. సోలాపూర్‌కు వలస వెళ్లిన మన పద్మశాలీల చేతుల మీద పేరు తెచ్చుకున్న సరుకు అది. రెండూ విడివిడిగా ఉతుక్కోవచ్చు, విడివిడిగా ఆరతాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఏప్రిల్‌లో, లేకపోతే మే మొదట్లో. సీటు ఎక్కడ వస్తుందో తేలాక కుడదాం అనుకుంటే పని జరగదు. క్యాప్ రౌండ్లు, అంటే కాలేజీ సీట్లు కేటాయించే విడతలు, వానాకాలంలో సాగుతాయి, సీటు వచ్చాక చేరడానికి ఇచ్చే గడువు కొద్ది రోజులే. అప్పుడు సర్టిఫికెట్ల టెన్షన్, ఫీజుల టెన్షన్, పైగా బయట వాన. తడిసిన చీరలు ఆరవు. ఎండలు ఉండగానే ఉతుకుడు ముగించుకుంటే కుట్టు పని నీడలో ఎప్పుడైనా చేసుకోవచ్చు.

ఏ బట్టలు, ఎన్ని

మొత్తం ఆరు పొరలు: పైన ఒకటి, లోపల నాలుగు, అడుగున ఒకటి. దీనికి కావలసినవి:

- లోపలికి రెండు పాత నూలు చీరలు (ఆరు గజాలవి)
- అడుగుకు సింగిల్ బెడ్‌షీట్ ఒకటి (60 అంగుళాల వెడల్పు, 90 అంగుళాల పొడవు)
- పై పొరకు ముక్కలు, లేదా ఇంకో మంచి చీర
- మందపాటి నూలు దారం, పొడవాటి సూదులు నాలుగైదు, కచ్చా కుట్టుకు (పొరలు జరగకుండా ముందు వేసి, చివర లాగేసే కుట్టు) మామూలు మిషన్ దారం
- మైనం ముక్క, దర్జీలు వేలికి తొడుక్కునే అంగుస్తానా

చీర నూలుదేనా అని అనుమానం ఉంటే అంచులోంచి నాలుగు పోగులు తీసి, గిన్నె మీద పట్టకారుతో పట్టుకుని వెలిగించండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ అయితే కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పాలిస్టర్ పొర చెమట పీల్చదు, పక్క పొరల మీద జారుతుంది కూడా, లోపల అసలు పెట్టకండి.

పాత చీర మెత్తగా ఉంటుంది కాబట్టే వాడతాం, కానీ పాతదనానికీ హద్దు ఉంది. చీరను వెలుగుకు అడ్డం పెట్టి చూడండి. రెండు చేతులతో పట్టుకుని మెల్లగా లాగండి. పర్రున చిరిగితే పక్కన పడేయండి, నేల తుడవడానికి పనికొస్తుంది. మడమల దగ్గర రాసుకునే కింది అంచు ముందు పాడవుతుంది, కొంగు వైపు ఎక్కువ కాలం గట్టిగా ఉంటుంది. జరీ అంచులు కత్తిరించేయండి: అవి గుచ్చుకుంటాయి, సూదికి అడ్డం పడతాయి. ఇళ్లలో అమ్మమ్మల తొమ్మిది గజాల నూలు చీరలు ఉంటే అదృష్టమే, ఒక్క చీరలోనే మూడు పొరలు వస్తాయి.

చనిపోయినవాళ్ల చీర పెట్టవచ్చా అని చాలామంది మొహమాటపడుతూ అడుగుతారు. కొన్ని ఇళ్లలో అసలు ముట్టరు, కొన్ని ఇళ్లలో నానమ్మ చీర లేకుండా బొంత మొదలే పెట్టరు. మీ ఇంటి పద్ధతి ఏదో అదే చేయండి. బయటివాళ్ల మాట వినాల్సిన విషయం కాదిది.

అన్నిటినీ ఉతకాలి, శుభ్రంగా ఉన్నవాటిని కూడా. గంజి పెట్టిన చీరను రెండు మూడు నీళ్లలో జాడించండి, గంజి మిగిలితే పురుగు చేరుతుంది. ఎరుపు, నీలం, ముదురు ఆకుపచ్చ విడిగా నానబెట్టండి. తర్వాత తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే ఇంకో రెండుసార్లు ఉతకండి. అప్పటికీ పోతుంటే ఆ చీర వద్దు. ఉప్పు నీళ్లలో వేస్తే రంగు నిలుస్తుందనే మాటను ఈ కాలపు రంగుల విషయంలో నమ్ముకోకండి. కొత్త బెడ్‌షీట్ కొంటే దాన్నీ రెండుసార్లు ఉతికి, కుంచించుకుపోయేదేదో ముందే పోనివ్వండి, మళ్లీ కొలుచుకోండి. ఇంకో మాట: మేడ మీద మిరపకాయలు ఎండుతున్న రోజుల్లో ఆ పక్కన చీరలు ఆరేయకండి. ఆ ఘాటు బొంతలో చేరితే కప్పుకున్నవాళ్లకు తుమ్ములే.

కొలత, కోత

హాస్టల్ మంచం చాలాచోట్ల మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు. బొంత 54 అంగుళాల వెడల్పు, 84 అంగుళాల పొడవు ఉంటే కప్పుకోవడానికి సరిపోతుంది, పరుచుకుంటే పక్కలకు మడుచుకోవచ్చు. పిల్లాడు ఆరడుగులు దాటితే పొడవు నాలుగు అంగుళాలు పెంచండి, వెడల్పు మాత్రం ముట్టుకోకండి. పొడవు పెంచితే దానికి తగ్గ బెడ్‌షీట్ కూడా చూసుకోవాలి.

ఆరు గజాల చీర 216 అంగుళాలు. దాన్ని పొడవున 54 అంగుళాల చొప్పున కత్తిరిస్తే సరిగ్గా నాలుగు ముక్కలు. ఒక్కో ముక్క ఎత్తు చీర పన్నా అంత, అంటే సుమారు 45 అంగుళాలు. రెండు ముక్కలను ఒకదాని కింద ఒకటి పెట్టి, ఒక అంగుళం ఒకదాని మీద ఒకటి ఎక్కేలా కుడితే 54కు 89 అయ్యే ఒక పొర వస్తుంది. అంటే ఒక చీరకు రెండు పొరలు, రెండు చీరలకు నాలుగు. అంచులు కత్తిరించాక పన్నా 43 అయినా సరిపోతుంది.

ఎక్కువగా ఉన్న ఆ కొద్ది అంగుళాలు ఎక్కడ కత్తిరిస్తారన్నది చూసుకోవాలి. ఒక పొరకు తల వైపు కత్తిరిస్తే, తర్వాతి పొరకు కాళ్ల వైపు కత్తిరించండి. లేదంటే నాలుగు పొరల అతుకులూ నడుం కింద ఒకే చోటికి వచ్చి గట్టులా తేలతాయి. పడుకున్నవాళ్లకు అది తెలుస్తూనే ఉంటుంది.

కత్తిరించడం అయ్యాక, కుట్టకముందే పరీక్ష చేయండి. ఆరు పొరలనూ చుట్టి, హాస్టల్‌కు ఇవ్వబోయే బకెట్‌లోనే పెట్టి నీళ్లు పోయండి. మునిగిందా? తీసి పిండమని పిల్లనే అడగండి. పొడిగా ఉన్నప్పుడు ఇలాంటి బొంత కిలోన్నర అటూ ఇటూ తూగుతుంది, తడిస్తే బరువు బాగా పెరుగుతుంది. పిండలేకపోతే లోపలి పొర ఒకటి తీసేయండి. పొరలు తీయడానికి ఇదే సమయం, కుట్టాక కుదరదు.

పై పొర

ఇక్కడ పిల్లలతో మాట్లాడకుండా ఏమీ చేయకండి. అమ్మకు చిన్నప్పటి గౌను ముక్క కనిపిస్తే కళ్లు చెమరుస్తాయి. పద్దెనిమిదేళ్ల కొడుకు మాత్రం, "అమ్మా, నాకు పూల చీరలు వద్దే, రూమ్‌లో నవ్వుతారు" అంటాడు. వాడి మాటే చెల్లాలి, కప్పుకునేది వాడు. అలాంటి పిల్లలకు ముదురు నీలం, గోధుమ రంగు గళ్ల లుంగీలు, నాన్న చొక్కాలు బాగుంటాయి. మీకు ఇష్టమైన గౌను ముక్కను లోపలి పొరల మధ్య పెట్టి కుట్టేయండి, ఎవరికీ కనబడదు.

ముక్కల పని చేయాలనుకుంటే లెక్క ఇదీ. అడ్డంగా 9, నిలువుగా 14, మొత్తం 126 చదరాలు. ఒక్కోటి ఆరున్నర అంగుళాలకు కత్తిరించి, చుట్టూ పావు అంగుళం కుట్టుకు వదిలితే ఆరు అంగుళాల చదరం తేలుతుంది. అట్టముక్క మీద ఆరున్నర అంగుళాల చదరం గీసి కత్తిరించి, దాన్నే అచ్చుగా పెట్టుకోండి. ముందు తొమ్మిదేసి ముక్కలతో పద్నాలుగు వరసలు కుట్టి ఇస్త్రీ చేయండి, తర్వాత వరసలను కలపండి. ఈ పని మిషన్ మీదే చేసుకోండి. చేత్తో చేసినా అందం ఏమీ పెరగదు, కాలం మాత్రం పోతుంది.

స్కూల్ యూనిఫాం ముక్కలు నాలుగైదు పెట్టవచ్చు. అది చాలావరకు టెరీకాట్, అంటే పాలిస్టర్ కలిసిన నూలు, కాబట్టి ఇస్త్రీ వేడి తగ్గించండి. జీన్స్ ముక్కలు వద్దు. సూది దిగదు, బరువు పెరుగుతుంది, మిగతా బొంత ఆరినా అక్కడ తడి ఉంటుంది. ముక్కలు కుట్టే ఓపిక లేకపోతే మంచి నూలు చీరలోంచి రెండు ముక్కలు అతికి పైన పరిచేయండి. అదీ బొంతే.

పరచడం

కుట్టు ఎంత బాగున్నా పరచడం సరిగా లేకపోతే బొంత ముడతలు తేలుతుంది. నేల తుడిచి చాప వేయండి. బెడ్‌షీట్‌ను తిరగేసి పరిచి, మూలల మీద రోకలో, పప్పు డబ్బాలో బరువు పెట్టండి. బట్టను సాగదీసి పట్టకండి. సాగదీసి కుడితే వదిలాక కుంచించుకుని గుబురుగా అవుతుంది. దాని మధ్యలో ఇస్త్రీ చేసిన చీర పొరలు ఒక్కొక్కటే వేస్తూ, అరచేత్తో నడిమధ్య నుంచి అంచుల వైపు సాపు చేయండి. పై పొర వేశాక చూస్తే బెడ్‌షీట్ నాలుగు వైపులా మూడేసి అంగుళాలు బయటికి కనిపించాలి. అదే తర్వాత అంచు అవుతుంది.

ఇప్పుడు కచ్చా కుట్లు. మధ్య నుంచి నాలుగు మూలలకు, ఆ తర్వాత జానెడు దూరంలో నిలువుగా, అడ్డంగా పొడవాటి టాకాలు వేయండి. విసుగు పుట్టే పనే. అయినా పిన్నీసులతో సరిపెట్టుకుంటే మాటిమాటికీ బొంత ఎత్తి దించేటప్పుడు పొరలు జరిగిపోతాయి.

కుట్టు

గీతలు నిలువుగా వేయండి, గీతకూ గీతకూ మధ్య అంగుళంన్నర. పై పొర చదరాలతో ఉంటే, అతుకు నుంచి ముప్పావు అంగుళం వదిలి మొదటి గీత, అక్కడి నుంచి అంగుళంన్నర చొప్పున మిగతావి. అప్పుడు ఒక్కో చదరంలో నాలుగు గీతలు పడతాయి, ఏ గీతా నిలువు అతుకు మీద పడదు. అతుకు మీద పడితే సూది దిగక వేళ్లు నొప్పెడతాయి. మొత్తం 36 గీతలు. సుద్దముక్కతో గీసుకోండి, బాల్‌పెన్ వద్దు.

దారం రెండు మూరలకు మించి తీయకండి. పొడవు తీస్తే పని త్వరగా అవుతుందనిపిస్తుంది కానీ చిక్కులు పడి రెండింతలు ఆలస్యం. ఒకసారి మైనం మీద లాగితే దారం మెలిపడదు. చివర చిన్న ముడి వేసి, పై పొరలోంచి సూది గుచ్చి టక్కున లాగితే ముడి లోపలికి పోతుంది. తర్వాత మామూలు రన్నింగ్ కుట్టు, పైన కనిపించే టాకా బియ్యపు గింజంత. అంతకన్నా పొడవైతే మంచం మేకులకు తగులుకుంటుంది. సూదిని నిటారుగా దించితేనే ఆరు పొరలూ అందుతాయి, వాలుగా దించితే అడుగు బట్ట తప్పిపోతుంది. ఒక్కో గీత అయ్యాక బొంత ఎత్తి అడుగు వైపు చూడండి, టాకాలు అక్కడా వరుసగా కనిపించాలి. దారం అయిపోయినప్పుడు ముడి వేయకుండా, అదే చోట రెండు వెనక టాకాలు వేసి, చివరి పోగును పొరల మధ్యలోకి దూర్చి కత్తిరించండి.

నడిమి గీత ముందు. తర్వాత ఒకటి కుడివైపు, ఒకటి ఎడమవైపు, అలా అంచులకు జరగండి. ఒక అంచున మొదలుపెట్టి రెండో అంచుకు కుట్టుకుంటూ పోతే వదులు బట్ట అంతా చివర పోగవుతుంది. ఇద్దరు ఉంటే చెరో వైపు కూర్చోవచ్చు. ఇద్దరి టాకాలు ఒకేలా రావు, వాటి గురించి పట్టించుకోకండి. అన్ని గీతలకూ కలిపి వంద మీటర్ల పైచిలుకు దారం పడుతుంది, ఒకే రంగు ముందే కొనిపెట్టుకోండి. చేయి తిరిగినవాళ్లకు ఒక గీతకు ఇరవై నిమిషాలు. రోజుకు గంటన్నర కూర్చున్నా పది రోజులు వేసుకోవాలి.

చివరి గీతలు నాలుగు పిల్లలతోనే కుట్టించండి. ఆడపిల్లైనా మగపిల్లాడైనా ఇదే మాట. అక్కడ టాకా తెగితే వేసుకోవలసింది వాళ్లే.

మీకు కుదరకపోతే బొంతలు కుట్టే ఆడవాళ్లు ఇప్పటికీ కొన్ని ఊళ్లలో దొరుకుతారు. కూలి బొంతకు ఇంత అని ముందే మాట్లాడుకోండి, గీతల దూరం మీరే గీసి ఇవ్వండి. మిషన్ మీద కుట్టించవచ్చు కూడా: 16వ నంబరు సూది, పెద్ద టాకా, గీతల మధ్య మూడంగుళాలు. టాకా చిన్నగా పెడితే పాత బట్ట ఆ గీత వెంట చిల్లులు పడి చిరుగుతుంది. మిషన్ బొంత కాస్త బిరుసుగా ఉంటుంది, తొందరలో ఉన్నవాళ్లకు అంతకన్నా దారి లేదు.

అంచు, పేరు, సంచి

పక్కలకు వదిలిన మూడంగుళాల బెడ్‌షీట్‌ను సగానికి లోపలికి మడిచి, ఆ మడతను మళ్లీ పై పొర మీదికి తెచ్చి దగ్గర దగ్గర టాకాలతో కుట్టండి. మూలల్లో ముందు బట్టను ఐమూలగా మడిస్తే గుట్టలా లేవదు. ఈ అంచు కుట్టు మాత్రం రెండు వరసలు వేయండి. పిండేటప్పుడు లాగుడంతా దీని మీదే పడుతుంది. అంచు అయ్యాకే కచ్చా కుట్లు లాగేయండి.

ఒక మూల గొలుసు కుట్టుతో పేరు వేయండి. హాస్టల్ తాళ్ల మీద అందరి దుప్పట్లూ కలిసిపోతాయి. మహారాష్ట్రలోనే చదివేవాళ్లకైతే పేరు మరాఠీలో వేస్తే మంచిది. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడినా చదువు మరాఠీలోనే కదా, రూమ్‌లో మిగతావాళ్లూ చదవగలుగుతారు. ఫోన్ నంబరు మాత్రం వేయకండి.

మిగిలిన చీర ముక్కతో 18 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల పొడవు సంచి కుట్టి, మూతికి నాడా ఎక్కించండి. బొంతను వెడల్పులో మూడు మడతలు వేసి చుట్టితే అందులో పడుతుంది. రైల్లో దాన్నే తలకింద పెట్టుకోవచ్చు, అక్కడికి వెళ్లాక దిండుకు గలీబుగా వాడుకోవచ్చు.

పంపేముందు చెప్పవలసినవి

ఉతకడం ఒకసారి ఇంట్లో వాళ్లతోనే చేయించండి. అరగంట నానబెట్టి, కాళ్లతో తొక్కి, రెండు నీళ్లలో జాడించాలి. మెలిపెట్టి పిండకుండా నాలుగు మడతలు వేసి గోడకో, బకెట్ అంచుకో వేసి నొక్కి నీళ్లు కార్చాలి. రెండు తాళ్ల మీద పరిచి ఆరేస్తే ఎండ రోజున సాయంత్రానికి ఆరుతుంది. ముసురు పట్టిన రోజుల్లో ఉతకనే వద్దు. లోపలి పొరల్లో తడి ఉండగా మడిస్తే బూజు పడుతుంది, ఆ వాసన పోదు.

హాస్టళ్లలో నల్లుల బెడద ఉంటుంది, అవి అతుకుల్లో, అంచు మడతల్లో దాక్కుంటాయి. కనిపిస్తే దాచకుండా వార్డెన్‌కు చెప్పమనండి. బొంతను పొగలు కక్కే వేడినీళ్లలో నానబెట్టి, తర్వాత గట్టి ఎండలో వేయాలి. బట్టలన్నీ ముందే ఉతికినవి కాబట్టి ఆ వేడికి పెద్దగా కుంచించుకోదు. ముక్కల్లో రంగు పోయేది లేదని ముందే చూసుకోమన్నది ఇందుకు కూడా.

సంచిలో ఒక చిన్న పొట్లం పెట్టండి: సూది, అదే రంగు దారం, అరచేతి వెడల్పు చీర ముక్కలు రెండు. చిరుగు అంగుళం ఉన్నప్పుడే పైన ముక్క వేసి కుట్టుకోమనండి. వేసవి సెలవులకు వచ్చేటప్పుడు బొంతను కూడా తెమ్మనండి. ముందుగా అరిగేది మెడ దగ్గర అంచు. దాన్ని విప్పే పని లేదు, దాని మీదే నాలుగంగుళాల కొత్త పట్టీ మడిచి కుట్టేస్తే ఇంకో రెండేళ్లు నడుస్తుంది.